సున్నం ఆరాక

మా ఇంట్లో ఎసరు పెట్టే ముందు గుప్పెడు బియ్యం తీసి దేవుడి పేరున డబ్బాలో వేస్తాం. మా అమ్మ వేసింది, నేనూ వేస్తున్నాను. ఆదివారం సంఘంలోని ఆడవాళ్లందరం ఆ డబ్బాలు చర్చికి తెస్తాం. కోటబొమ్మాళిలో మా చర్చి వరండాలో ఉండే ముసలామెకు ఆ బియ్యంతోనే రోజూ వండి పెట్టేవాళ్లం. ఆమెకు ఇల్లు లేదు. ఊరేదంటే చెప్పేది కాదు. గోడకు చేరగిలబడి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. ఆ కంపు నాకు గిట్టదు. అయినా కంచం నేనే పట్టుకెళ్లేదాన్ని. నలుగురూ నన్ను దయగలదాన్నంటే లోలోపల పొంగిపోయేదాన్ని.

ఒక ఏడాది క్రిస్మస్‌కు ముందు చర్చికి సున్నం వేయించాలన్నారు. ఆమెను లేపే పని నా మీద పడింది.

"మామ్మా, నాలుగు రోజులు రైలు స్టేషన్లో ఉండు. సున్నం ఆరాక నేనే వచ్చి పిలుస్తాను."

"నువ్వే వస్తావా తల్లీ? మర్సిపోవు గదా?"

"మరిచిపోను."

మూట చంకన పెట్టుకుని వెళ్లింది. స్టేషన్‌కు అన్నం ఎవరు పంపుతారో ఎవరమూ ఆలోచించలేదు. సున్నం రెండు రోజులకే ఆరిపోయింది. ఆ ఖాళీ వరండాలో నేను పిల్లలకు క్రిస్మస్ నాటకం నేర్పించాను. సత్రం యజమానురాలి వేషం కట్టిన పిల్ల, తలుపు తట్టిన నిండు చూలాలితో 'చోటు లేదు' అనే మాట ఎంత చెప్పినా కరకుగా అనలేకపోయింది. ఎలా అనాలో నేనే అని చూపించాను.

క్రిస్మస్ మధ్యాహ్నం ప్రేమవిందుకు విస్తళ్లు వేస్తుంటే ఆమె గుర్తొచ్చింది. అన్నం మూట కట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. టీ కొట్టాయన నా వైపు సరిగా చూడను కూడా లేదు.

"ఆ ముసిలమ్మా? రోజూ మీ సర్చి ఏపే సూసీది. సున్నం ఇంకా ఆరనేదా బావూ అని నన్నడిగీది. మొన్న పలాస బండెక్కి ఎల్లిపోనాది."

నౌపడలో దిగి చూశాను, పలాసలో వెతికాను. ఎక్కడా కనపడలేదు.

మరుసటి వానాకాలానికి ఆమె ఆనుకున్న చోట తలనూనె మరక సున్నంలోంచి పైకి తేలింది, సరిగ్గా మనిషి కూర్చున్నంత ఎత్తున. మళ్లీ సున్నం వేయించారు. మళ్లీ వచ్చింది. ఈ ఏడాది గీకించేసి సిమెంటు పూయిద్దామన్నారు. నేను అడ్డం పడి పోట్లాడాను. నాకేదో పట్టిందని సంఘంలో అనుకుంటున్నారు, అనుకోనీ. వరండాకు ఇప్పుడు ఇనుప గేటు పెట్టారు. గుప్పెడు బియ్యం మాత్రం ఆగలేదు.

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక నాకు చుట్ట కంపు తగులుతుంది. కళ్లు తెరవాలంటే భయం. 'సున్నం ఆరింది మామ్మా, వచ్చెయ్' అని పెదవుల కిందే అంటాను. పక్కనున్నవాళ్లు నేను ప్రార్థన చేస్తున్నాననుకుంటారు.