హ్యాండిల్ తాళం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ చిరాకు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల చుట్టూ పెరిగినవాడికి అలాంటి కబుర్లకు కొదవ ఉండదు. పట్టాల మీద నడిచే తల లేని మనిషి, పాడుబడ్డ కేబిన్‌లో వెలిగే దీపం, ఇంకా బోలెడు. ఎవరైనా మొదలుపెడితే "నువ్వు చూశావా?" అని అడిగేవాణ్ణి. చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. అందరికీ ఎవరో చెప్పినవే.

ఇప్పుడు నేను రాస్తున్నది నాకు ఎవరూ చెప్పింది కాదు. నా మోకాలి మీద జరిగింది. మచ్చ ఇంకా ఉంది.

తొంభైల మొదట్లో సంగతి. మాది విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చిన కుటుంబం. బిలాస్‌పూర్‌లోనే తార్‌బహార్ పేటలో ఉండేవాళ్లం. నాన్న యార్డులో వ్యాగన్లు విడదీసి కలిపే షంటింగ్ పని చేసి రిటైరయ్యాడు. అన్నయ్య అప్పలరాజు సిగ్నల్ మెయింటైనర్. కట్నీ లైన్లో, అడవి అవతల ఒక చిన్న స్టేషన్‌లో డ్యూటీ. నేను డిగ్రీ అయ్యి, పరీక్షలు రాస్తున్నానని అందరికీ చెప్పుకుంటూ ఖాళీగా తిరిగేవాణ్ణి.

అన్నయ్యకి ఒక ఎర్ర మోటార్ సైకిల్ ఉండేది. పాతదే, బరువైనది, సీటు రెక్సిన్ చిరిగి స్పాంజి బయటపడేది. అయినా దాన్ని పసిపిల్లని చూసినట్టు చూసుకునేవాడు. ఒకరోజు నేను అడక్కుండా తీసుకెళ్లి గోల్ బజార్ రద్దీలో పడేశాను. ఇండికేటర్ పగిలింది, ట్యాంకు సొట్టపోయింది. అన్నయ్య కొట్టలేదు, తిట్టలేదు. "ఇంక దీని జోలికి రాకు" అన్నాడంతే. ఆ రోజునుంచి మా వాకిట్లో పెట్టినా సరే, హ్యాండిల్ ఎడమకి తిప్పి తాళం వేసేవాడు. టక్‌మని చప్పుడయ్యేది. అది విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. రెండు నెలలపాటు మా ఇద్దరి మధ్యా సరిగ్గా మాటల్లేవు.

వానాకాలం మొదట్లో అన్నయ్యకి డ్యూటీలోనే చలిజ్వరం వచ్చింది. ఒకరోజంతా వణుకుతూనే పనిచేశాడట. మర్నాడు ప్లాట్‌ఫారం మీద పడిపోతే స్టేషన్‌ వాళ్లు రైలెక్కించి బిలాస్‌పూర్ పంపారు. బండి అక్కడే ఉండిపోయింది. మలేరియా మెదడుకి పాకిందన్నారు డాక్టర్లు. పూర్తిగా తెలివి తప్పే ముందు అన్నయ్య అడిగింది ఒక్కటే.

"బండేదమ్మా? వానలో ఉండిపోనాది."

మూడో రోజుకీ కళ్లు తెరవలేదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, వినబడినా వినబడవచ్చు అన్నాడు డాక్టరు. బండి ఇంటికి వచ్చేసిందని చెవిలో చెప్పమన్నాడు నాన్న. అమ్మ ససేమిరా అంది.

"జబ్బు మడిసికి అబద్దం సెప్పకూడదు. ముందు మీరు బండి తెండి. అప్పుడు సెప్తాను."

అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి మతి సరిగా లేదు. ఆ బండి వస్తేనే అన్నయ్య లేస్తాడని ఎలాగో నా బుర్రలో పడిపోయింది. వార్డు వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూ, మళ్లీ మాటలు కలవకుండానే అన్నయ్య పోతాడేమోనని లోలోపల ఏడ్చేవాణ్ణి.

తాళంచెవి కోసం అన్నయ్య చొక్కా, ప్యాంటు, సంచీ అన్నీ వెతికాం. దొరకలేదు. స్టేషన్‌లో ఉంటుందిలే అనుకున్నాం. గోల్ బజార్‌కి కూరగాయలు తోలే సాహూ భాయి అనే అతన్ని బతిమాలి, అతని పికప్‌లో పొద్దున్నే బయల్దేరాం. నేనూ నాన్నా.

స్టేషన్‌లోనూ తాళంచెవి లేదు. సైకిళ్లు పెట్టే చోట, రేకు లేని వైపు, అన్నయ్య భయపడినట్టే మూడు రోజుల వానకి నానుతూ నిలబడి ఉంది బండి. హ్యాండిల్ ఎడమకి తిరిగి తాళం పడి ఉంది. నేను రెండు చేతులతో లాగాను. అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకతను కాలు తన్నిపెట్టి లాగాడు. చీమంతైనా కదల్లేదు. ముందు చక్రం పక్కకి తిరిగి ఉంటే తోయడానికి కూడా కుదరదు. చివరికి నలుగురం మోసి పికప్‌లోకి ఎక్కించాం.

ఆ పికప్ వెనకభాగం చాలా పొట్టిది. బండి పట్టలేదు. వెనక తలుపు కిందకి దించి, వెనక చక్రం దాని మీదికి వచ్చేలా పెట్టాల్సి వచ్చింది. ఇక కట్టే పని నాన్న తీసుకున్నాడు.

యార్డులో నిలిపిన వ్యాగన్‌ని దొర్లిపోకుండా ఎలా కడతారో, మోటార్ సైకిల్‌ని అచ్చం అలాగే కట్టాడు మా నాన్న. రెండు చక్రాలకీ ముందూ వెనకా చెక్క దిమ్మలు బిగించాడు. చక్రాల్లోంచి గొలుసు తీసి కింది కొక్కేలకి వేశాడు. నా తృప్తి కోసమన్నట్టు పక్కకి ఒక్క తాడు. సాహూ భాయి కాసేపు చూసి నెమ్మదిగా అన్నాడు.

"బాబూజీ, ఏ ఆగే పీఛే నహీ, బాజూ మే గిరేగీ."

ముందుకీ వెనక్కీ కాదు, పక్కకి పడుతుంది అని అతని బాధ. నాన్నకి పౌరుషం వచ్చింది. నా వైపు తిరిగి, "ముప్పై రెండేళ్లు వ్యాగన్లు కట్టినోణ్ణి. ఒక్కటంటే ఒక్కటి దొర్లిపోనేదు. ఈడొచ్చి నాకు సెప్తాడేటి!" అన్నాడు.

వ్యాగన్‌కి రెండు పక్కలా చక్రాలుంటాయని, అది పక్కకి పడదని నాన్నకి గానీ నాకు గానీ ఆ నిమిషంలో తోచలేదు. రైల్వే బుర్రలు మావి. నాన్న ముందు కూర్చున్నాడు. నేను వెనక, బండికి కుడిపక్కన, స్టెప్నీ టైరు మీద కూర్చున్నాను.

అడవి రోడ్డు, కుడిపక్క లోయ. సన్నగా వాన. మిట్ట ఎక్కినంతసేపూ బానే ఉంది. దిగుడులో పికప్ వేగం అందుకుంది. ఎడమవైపు పెద్ద మలుపు వచ్చింది. తడిసిన తాడు ముడి జారిపోవడం నేను కళ్లారా చూశాను. చూసి చెయ్యి చాచేలోపే బండి మొత్తం నా మీదికి ఒరిగింది.

నా కుడి మోకాలు పికప్ గోడకీ ట్యాంకుకీ మధ్య ఇరుక్కుపోయింది. భుజంతో ఆపాను. అరిచాను. ఇంజిన్ మోతలో, వానలో, ముందువాళ్లకి ఏం వినబడుతుంది? గోడ నా నడుం దాకా కూడా లేదు. ఇంకొక్క కుదుపు వస్తే బండీ నేనూ కలిసి లోయవైపు పోతాం. చేతుల్లో సత్తువ అయిపోతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. ఒక కొడుకు ఆస్పత్రిలో, ఒకడు లోయలో, అమ్మ ఏమైపోతుందో అనుకోవడం గుర్తుంది.

అప్పుడు టక్‌మంది.

ఆ చప్పుడు నాకు రెండు నెలలుగా తెలుసు. పొరపడడానికి లేదు. నా కళ్ల ముందే హ్యాండిల్ ఎడమనుంచి తిన్నగా వచ్చింది. భుజం మీద బరువు తగ్గింది. బండి మెల్లగా లేచి నిటారుగా నిలబడింది. చిరిగిన సీటులోంచి వాననీళ్లు రెండువైపులా కారాయి. నానిన స్పాంజి మీద మనిషి కూర్చుంటే ఎలా కారుతాయో అలా కారాయి. అందులో సగం నా ఒళ్లోనే పడ్డాయి.

దిగుడు అయ్యేవరకూ ఇంకా మూడు మలుపులు తిరిగాం. నేను బండిని పట్టుకోలేదు. పట్టుకునే ధైర్యం లేదు. అది మలుపు మలుపుకీ అటో కాస్త, ఇటో కాస్త వంగి, మళ్లీ లేచింది. అన్నయ్య మలుపులు అలాగే తిప్పేవాడు.

కింద రైల్వే గేటు పడి ఉంటే పికప్ ఆగింది. ఆగీ ఆగగానే బండి మామూలు ఇనపముక్కలా సైడు స్టాండు మీదికి ధభాలున వాలింది. వాచీ చూసుకున్నాను. పదకొండుంబావు. నాన్న దిగివచ్చి నా మోకాలి మీద నెత్తురు చూశాడు. తర్వాత హ్యాండిల్ చూశాడు.

"తాళం ఎలా తీసీసినావురా?"

నేను కుంటుకుంటూ కిందకి దిగాను. సాహూ భాయి హ్యాండిల్ రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, తన దగ్గరున్న తాళ్లు తీసి, హ్యాండిల్‌కి రెండు పక్కలా కిందకి లాగి బిగించి కట్టాడు. బిలాస్‌పూర్ దాకా అది అంగుళం కదల్లేదు.

బండి ఇంట్లో దించి ఆస్పత్రికి వెళ్లేసరికి అమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. మొహంలో రంగు లేదు. మేం అడక్కుండానే చెప్పింది. పదకొండు గంటలు దాటాక అన్నయ్య కుడిచెయ్యి దుప్పటి కింద కదిలిందట. మణికట్టు ఒకటే తిరుగుతోందట. ఫిట్స్ అనుకుని అమ్మ కేకవేస్తే నర్సు వచ్చి దుప్పటి తీసింది. అన్నయ్య వేళ్లు మొలతాడుకి కట్టి ఉన్న తాళంచెవిని పట్టుకుని ఉన్నాయి. ఒక్కసారి గట్టిగా తిప్పి, చెయ్యి వదిలేశాడు. ఆ తర్వాత నాడి దొరక్క నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. డాక్టరు వచ్చాక కాసేపటికి గానీ దొరకలేదట. నాడి దొరకని టైము మంచానికి వేలాడే కేసు కాగితం మీద రాసి ఉంది. నేను చూశాను. పదకొండూ పది.

మొలతాడుకి తాళంచెవి కట్టుకోవడం మా ఇళ్లల్లో ఉన్నదే. మా తాత ట్రంకుపెట్టె తాళం అలాగే కట్టుకునేవాడు. అయినా మాలో ఒక్కరికీ అక్కడ వెతకాలని తోచలేదు. మొదటిరోజే చూసిన నర్సు అదేదో మొక్కు కాబోలనుకుని ముట్టుకోలేదట. నేను తియ్యకుండా ఉండాలనే అన్నయ్య దాన్ని అక్కడ దాచుకున్నాడని నాకు ఒక్కడికే తెలిసింది. ఆ వార్డులో గోడకి తిరిగి బాగా ఏడ్చాను.

అమ్మ అన్నయ్య చెవి దగ్గర వంగింది. "బండి వచ్చీసింది బావూ. తమ్ముడు తెచ్చినాడు."

మర్నాడు పొద్దున అన్నయ్య కళ్లు తెరిచాడు. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట, "మోకాలు తగ్గిందేటి?" అని. నేను పొడుగు ప్యాంటులో ఉన్నాను. దెబ్బ సంగతి ఎవరు చెప్పారని అడిగితే, ఎవరో చెప్పుంటార్లే అన్నాడు. అమ్మా నాన్నా మేం చెప్పలేదన్నారు.

తాళం సరిగ్గా పడి ఉండదని, కుదుపుకి ఊడిందని నాన్న చివరిదాకా వాదించాడు. కావచ్చు. మెకానిక్ చేత విప్పించి చూశాను. లోపల ఏమీ విరగలేదు. తాళంచెవితో ఎప్పటిలాగే పడింది, ఎప్పటిలాగే వచ్చింది. దెయ్యం అందామంటే, మనిషి బతికే ఉన్నాడు. మరి ఆ సీటు మీద కూర్చున్నదాన్ని ఏమని పిలవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నయ్య రిటైరై బిలాస్‌పూర్‌లోనే సర్కండాలో ఉంటున్నాడు. ఆ ఎర్ర బండి ఎప్పుడో పోయింది. ఇప్పుడున్న స్కూటర్ తాళంచెవి కూడా మొలతాడుకే కడతాడు. ఆదివారాలు వెళ్తే భోజనం చేసి ఇద్దరం హాల్లో నడుం వాలుస్తాం. ఎప్పుడో ఒకసారి, నిద్రలో, అన్నయ్య చెయ్యి మొల దగ్గరికి పోతుంది. మణికట్టు తిరగడం మొదలవుతుంది.

నేను లేచి మంచం పక్కకి వెళ్తాను. లేపాలని చెయ్యి చాస్తాను. ఎక్కడో ఎవడో బండి కింద ఉన్నాడేమో, నేను లేపితే వాడి మీద పడిపోతుందేమో అనిపిస్తుంది. చాచిన చెయ్యి అలాగే పెట్టుకుని, అన్నయ్య ఊపిరి వింటూ, ఆ చెయ్యి దానంతటది ఆగేవరకూ నిలబడి ఉంటాను.