కొరియా మీద కుళ్లు

నాకు ఒక దేశం మీద కుళ్లు. మనిషి మీదైతే ఎదురుపడ్డప్పుడు మూతి తిప్పుకోవచ్చు, దేశాన్ని ఏం చేస్తాం? హిందూపురం డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. తలసరి ఉత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రెండు గీతలు గీస్తాను, ఒకటి మనది, ఇంకొకటి దక్షిణ కొరియాది. మా తాతల కాలంలో రెండూ పక్కపక్కనే నేలమీద పాకుతుంటాయి. తర్వాత వాళ్లది పెనుకొండ కొండను మేక ఎక్కినట్టు ఎక్కిపోతుంది. మనదీ పెరిగింది, కాదనను. పక్కన వాళ్లది ఉంటే మనది కంటికి ఆనదు. చాక్‌పీసు విరిగేదాకా గీస్తానని పిల్లలు నవ్వుతారు. "వాళ్ల మింద అంత కోపమెందుకు మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. సిలబస్‌లో ఉంది, నోరుమూసుకుని రాసుకో అన్నాను.

అసలు సంగతి మా చెల్లెలు. సొంత చెల్లెలు కాదు, మా చిన్నమ్మ కూతురు. ధర్మవరంలో ఒకే ఇంట్లో పెరిగాం. అవ్వ ఇద్దరికీ ఒకే సైజు సంగటి ముద్దలు పెట్టేది. డిగ్రీలో అది నా నోట్సు చదివి గట్టెక్కింది. పెనుకొండ దగ్గర కొరియా వాళ్ల కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ భాష నేర్చుకుని, ఇప్పుడు వాళ్లకు దుబాసీ. పీజీ చేసిన నేను మాత్రం ఇప్పటికీ కాంట్రాక్టు లెక్చరర్నే. ప్రతి ఎండాకాలం రెన్యువల్ కోసం దేవుళ్లందరికీ మొక్కుకుంటాను. దానింట్లో గదికో ఏసీ ఉంది. నీకు ఓర్వలేనితనం అంటాడు మా ఆయన. అవును, ఓర్వలేను, ఎందుకు ఓర్చుకోవాలి?

మా అమ్మాయి ఇంటర్ పాసయింది. నా కాలేజీలోనే చేర్చి, నా సబ్జెక్టే చదివించాలని నా ఆశ. ఉన్నది ఒక్కగానొక్క బిడ్డ, నా కళ్లముందు ఉండాలి. అప్పుడే దిగింది చెల్లెలు, కారులో, చేతిలో స్వీట్ల డబ్బాతో.

"పాపను నా కాడికి పంపుక్కా. భాష నేర్పిస్తా, ట్రైనింగ్ ఇప్పిస్తా. మా ఇంట్లోనే ఉంటాది."

"ఎందుకే? వాళ్లకి ఊడిగం చేసి వాళ్లనే ఇంకా పైకెక్కించనీకా?" అన్నాను.

మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చింది. "పెనుకొండలో చేసిన కార్లు మన దేశం లెక్కలోకే గదామా వచ్చేది? ఉత్పత్తి యాడ జరిగితే ఆ దేశానిదే అని నువ్వే చెప్తివి."

"లాభం యాడికి పోతాదో కూడా చెప్తిని. అది మర్సిపోయినావా?"

"జీతం ఈడనే ఉంటాది గదా."

నా పాఠం నాకే అప్పజెప్పింది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. రెండు వారాలు మూతి ముడుచుకుని కూర్చున్నాను. మా అమ్మాయి అన్నం మానేసి కూర్చుంది. చివరికి దిగివచ్చింది నేనే.

బ్యాగు సర్ది, పెనుకొండకు నేనే తీసుకెళ్లాను. చెల్లెలింట్లో భోంచేస్తుండగా, పై వాటాలో ఉండే కొరియా ఆఫీసరు తలుపు దగ్గర ఆగాడు. మర్యాదగా తల వంచి, మా అమ్మాయి వైపు చూసి ఏదో అడిగాడు. చెల్లెలు దాని భుజం మీద చెయ్యేసి నవ్వుతూ జవాబిచ్చింది. ఆయనా నవ్వి మెట్లెక్కాడు.

"ఏం చెప్తివే?" అన్నాను.

చెల్లెలు నోరు తెరిచేలోపే మా అమ్మాయి అందుకుంది. ఫోన్లో చూసి ఆ భాష ఎన్నాళ్లుగా నేర్చుకుంటోందో, నాకు తెలియనే తెలియదు.

"ఈ పాప నా కూతురు అని చెప్పిందిమా."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మా వైపు అక్క బిడ్డ చెల్లెలికి తన బిడ్డ కిందే లెక్క, పెళ్లి పీటల మీద తల్లి స్థానంలో కూర్చునే హక్కు కూడా ఉంటుంది. అయినా ఆయన్ను వెనక్కి పిలిచి, కాదు, నా కూతురు అని చెప్పాలనిపించింది. ఆ ముక్క చెప్పడానికి నాకు వాళ్ల భాష రాదు.