ఓబులేష్ చెవి, చౌడమ్మ నోరు

ముదిగుబ్బలో జీపులు బాగుచేసే ఓబులేష్‌కు రెండు చెవులూ ముక్కాలు వంతు పోయాయి. ఈ సంగతి ఊరు మొత్తం మీద తెలిసింది ఒక్కరికే, ఆయన పెండ్లాం చౌడమ్మకు. ముందు చక్రంలో శబ్దం వస్తే చాలు, బండిని కాస్త దూరం నడిపి జబ్బేమిటో చెప్పేస్తాడని పేరు తెచ్చుకున్న మనిషాయె! చెవుడని తెలిస్తే ఇంకెవడు తెస్తాడండీ బండి? షెడ్డు మూసుకోవాల్సిందే.

అందుకని చౌడమ్మ ఒక ఉపాయం పట్టింది. పొద్దున వంట కాగానే షెడ్డుకొచ్చి కూచునేది. వచ్చినవాడు ఏం చెప్పినా ఆ మాటే పట్టుకుని మొగుడి మీద ఇంతెత్తున లేచేది. "ఏమయ్యో! బ్రేకు పట్టల్లేదంట, చూడు పో!" ఊరికే గట్టిగా చెప్తే జనానికి అనుమానం రాదూ? తిట్టినట్టు అరిస్తే అది సంసారం కింద జమ. బండి నడిపి చూడాల్సి వస్తే "నన్ను చేనికాడ దింపు" అంటూ వెనక సీట్లో ఎక్కేది. శబ్దం వచ్చినప్పుడల్లా మొగుడి భుజం నొక్కేది.

జనం ఊరుకుంటారా? గయ్యాళి అన్నారు. మొగుణ్ణి కొంగున కట్టేసుకుందన్నారు. టీ అంగడి కాడ ఆమెలాగా చేతులు తిప్పి ఎక్కిరించేవాళ్ళు. మాటలు వినబడకపోయినా ఆ ఎక్కిరింత ఓబులేష్‌కు కనబడేది. నోరు మెదిపితే గుట్టు బయటపడుతుందని, పాపం, తల వంచుకుని పోయేవాడు.

రెండువేల మూడు ఎండాకాలంలో చౌడమ్మ చెల్లెలి కాన్పుకని మడకశిర పోయింది. సరిగ్గా అప్పుడే శశికుమార్ అనే డ్రైవరు జీపు తెచ్చాడు. పల్లెల్లో నీటికుంటలు తవ్వించేవాళ్ళ బండి అది, నాలుగు చక్రాలూ లాగుతుంది, రోజూ ఎండిన ఏటి ఇసుకలో పడి లేస్తుంది. ముందర ఎడమ చక్రంలో శబ్దమని శశికుమార్ చెప్పింది, అతని పెదవులు చూసి ఓబులేష్ అర్థం చేసుకున్నాడు. నడిపి చూశాడు. ఏమీ వినబడలేదు. ఎట్లాంటి శబ్దమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఏదైతే అదయిందని బేరింగు మార్చి పంపేశాడు.

వారం తిరక్కుండానే శశికుమార్ ఒంటికాలి మీద లేస్తూ వచ్చాడు. అదృష్టం, చౌడమ్మ అప్పటికి తిరిగొచ్చింది.

"ఏమన్నా, శబ్దం అట్లే ఉండాది! ఇనకుండానే చేసినావా ఏంది? ఇంగ నీ షెడ్డుకు ఒక్క బండి రానీను, చూస్తాండు!"

"ఏమయ్యో, శబ్దం అట్లే ఉండాదంట!" చౌడమ్మ విరుచుకుపడింది. "ఇంగోసారి తోలి చూడు, పద. నన్నట్లే చేనికాడ దింపు."

ముగ్గురూ ఎక్కారు. నేరుగా పోతున్నంతసేపూ ఓబులేష్ భుజం మీది చెయ్యి కదల్లేదు. ఎడమకు తిప్పగానే చౌడమ్మ నొక్కింది. కుడికి తిప్పినా నొక్కింది. టక్కు టక్కుమన్నప్పుడల్లా ఒక నొక్కు. ఓబులేష్ బండి ఆపి దిగి, ఒక్కో ముందు చక్రం నడిమధ్యనుండే గుబ్బ తిప్పి ఫ్రీలో పెట్టాడు. అలా పెడితే చక్రం తిరుగుతుంది గానీ దాన్ని లాగే ఇరుసు తిరగదు. మళ్ళీ తోలాడు, ఎడమకూ కుడికీ. చెయ్యి ఊరికే ఉంది.

"బేరింగు కాదప్పా," అన్నాడు బండి ఆపి. "ఇరుసు మలుపుకాడ కీలు, ఆ క్రాస్ అరిగిపోయినాది. తప్పు నాదే. ఇప్పుడే విప్పుతా."

శశికుమార్ చూపు మాత్రం ఓబులేష్ భుజం మీది చౌడమ్మ చేతి మీదే ఉంది.

"అన్నా, నీకు ఇనపడదా?" అన్నాడు మెల్లగా.

ఓబులేష్‌కు మాట అందలేదు. అలవాటుగా పెండ్లాం వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ ఎవరేమన్నా అరిచి అందించిన మనిషి, ఈ ఒక్క మాటా అందించలేదు. కళ్ళ నిండా నీళ్ళతో తల పక్కకు తిప్పుకుంది. దాంతో ఆయనకు తెలిసిపోయింది.

శశికుమార్‌కు ప్రాణం చివుక్కుమంది. ఓబులేష్ చెయ్యి పట్టుకుని, తన పెదవులు కనబడేట్టు ఎదురుగా తిరిగి, నిదానంగా అన్నాడు.

"నేను ఎవరికీ చెప్పనన్నా. ఒట్టు."

"చెప్పు!" అన్నాడు ఓబులేష్. "టీ అంగడి కాడ నిలబడి అందరికీ చెప్పప్పా. నాకు చెవుడని చెప్పు. నా పెండ్లాం గయ్యాళి కాదని చెప్పు."