విశాఖలో ఎక్కడ దిగాలి

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నాతో పనిచేసే ఫిట్టర్ ఒకరోజు టిఫిన్ వేళ గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, రెండ్రోజులు ఇసాపట్నం ఎల్తన్నాం, నేనూ, మలంచా పేటలో ఉంటాడే ఆ బెంగాలీ దాదా. ఇద్దరికీ ఒకటే గది ఇచ్చి, ఏటీ అడగని లాడ్జి సెప్పు."

"స్నేహితుల్ని ఎవడడుగుతాడ్రా?"

"స్నేహితులం కాదన్నా. నువ్వూ వదినా ఎలాగో, మేమూ అలాగే."

తొంభైల మొదట్లో మా రైల్వే కాలనీలో అలాంటి మాట ఎవరూ పైకి అనేవారు కాదు. సముద్రానికి దగ్గర్లో ఒక లాడ్జి చెప్పాను. సాయంత్రం ఎటు నడిస్తే జనం పలచగా ఉంటారో కూడా చెప్పాను. అక్కడితో ఆగవలసింది. కానీ మనవాళ్ళు ఊరెళ్తే అక్కడి చుట్టాలకు కబురు పెట్టడం మా కాలనీ అలవాటు. విశాఖ స్టేషనులో పనిచేసే మా బావకు రైల్వే ఫోనులో చెప్పేశాను. ఆయన స్టేషనుకొచ్చి, లాడ్జికెళ్తే ఊరుకోనని ఇద్దరినీ ఇంటికి లాక్కెళ్ళాడు. హాల్లో పిల్లల పక్కన పడుకోబెట్టాడు.

"బాగా సూసుకున్నారన్నా. బీచికెళ్తే కూడా మీ బావ మమ్మల్ని వొగ్గనేదు," అన్నాడు ఫిట్టర్ తిరిగొచ్చాక, నవ్వుతూనే.

ఆ ఫోను అభిమానంతో చేశానా, వాళ్ళిద్దరినీ ఒంటరిగా వదలడం ఇష్టంలేక చేశానా, నాకే తెలియదు. తప్పు మాత్రం నాదే.

మరుసటి ఏడు ఇద్దరూ సంచులతో ప్లాట్‌ఫాం మీద కనిపించారు. ఎక్కడికని అడగబోయి ఆగాను. వాళ్ళూ చెప్పలేదు. సంచులు అందించి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను.