అడ్డపొగ

మా అమ్మ చుట్ట కాల్చేది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి కాల్చేది. మా శ్రీకాకుళం వైపు దాన్ని అడ్డపొగ అంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళకు అందులో వింతేమీ లేదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, చుట్ట గాలికి ఆరదు, బియ్యం చెరుగుతున్నా చేటలో బూడిద రాలదు. మా అమ్మమ్మయితే నోట్లో చుట్ట అలాగే ఉంచుకుని వీధి వీధంతా వినపడేలా తిట్టగలిగేది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చాక ఆ అలవాటే దొంగచాటు పనైపోయింది. ఎవరి కంటైనా పడితే హిందీ వాళ్ళు నవ్వుతారని నాన్నకు భయం. ఆయన లోకో షెడ్‌లో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చాక క్వార్టర్ ముందు మంచం వాల్చుకుని, నలుగురి మధ్య దర్జాగా బీడీ మీద బీడీ కాల్చేవాడు. అమ్మ మాత్రం పెరటి తలుపు గడియ పెట్టుకుని, నీళ్ళ తొట్టి వెనక నక్కి కాల్చుకునేది. నాకు ఒళ్ళు మండేది.

ఎనభైల చివర్లో, నేను బీఎస్సీ చదువుతున్నప్పుడు, అమ్మ వేడి అన్నం తినడం మానేసింది. పచ్చడి ముట్టడం మానేసింది. అడిగితే పంటిపోటు అనేది. పంటిపోటుకు మావాళ్ళకు తెలిసిన వైద్యం పొగే. ఆ వేడికి నోరు కాసేపు మొద్దుబారి హాయిగా ఉంటుందట. అందుకని నొప్పి పెరిగినకొద్దీ అమ్మ ఇంకా ఎక్కువ కాల్చింది. ఒకరోజు ఆవులిస్తుంటే అంగిట్లో తెల్లటి మచ్చ, దాని నడుమ ఎర్రగా పచ్చిపుండు కనిపించాయి.

"ఆస్పత్రికెల్దాం రా అమ్మా" అన్నాను.

"ఎల్లి ఏటని సెప్పాల? సుట్ట కాలుస్తన్నానని సెప్పాలా? మీ నాన్న పరువేటవుద్ది? నోర్ముయ్యే గుంటా" అంది.

ఆ నెలలోనే కాలనీలో ఒక క్యాంపు పెట్టారు. ఎక్కడి నుంచో వచ్చిన డాక్టర్లు తాగుడు మీద, పొగాకు మీద, నోటి జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారట. హిందీ సరిగా రాని మావాళ్ళకు మాట అందించడానికి చదువుకున్న తెలుగు పిల్ల కావాలంటే నేను వెళ్ళాను. సేవ చేద్దామని కాదు. ఎలాగైనా అమ్మను ఆ డాక్టర్ల టార్చిలైటు కింద కూర్చోబెట్టాలి, అంతే.

హాలు మధ్యలో తెర కట్టారు. అటు మగవాళ్ళు. తాగుతావా, ఎన్నాళ్ళనుంచి, బీడీనా ఖైనీనా, ఏదీ నోరు తెరువు. ఇటు ఆడవాళ్ళు. బరువెంత, రక్తం ఉందా, ఎందరు పిల్లలు, ఆపరేషన్ అయిందా. పొగాకు గురించి వీళ్ళను అడిగింది ఒక్కటే ప్రశ్న, మీ ఆయన కాలుస్తాడా అని. దాన్ని తెలుగులో చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. పక్క బస్తీ నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళ పళ్ళు గుడాకు రుద్ది రుద్ది నల్లబడి ఉన్నాయి. పొగాకు, బెల్లం కలిపిన ఆ ముద్ద పళ్ళకు తగలందే పొద్దున వాళ్ళకు ఏ పనీ సాగదు. వాళ్ళనూ మొగుళ్ళ సంగతే అడిగి పంపించేశారు.

ఆడవాళ్ళ నోళ్ళు చూడరా అని పెద్ద డాక్టరును అడిగాను. ఆయన చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడు.

"మా స్టడీ మగవాళ్ళ మీద, బేటీ. ఆడవాళ్ళకు ఈ అలవాట్లెక్కడివి? ఒకవేళ ఉన్నా చెప్పరు, మా లెక్కలన్నీ పాడవుతాయి" అన్నాడు.

ఒక్కరినీ అడగకుండా, చెప్పరని ఆయనకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మర్నాడు అమ్మ వచ్చింది. నాన్నే తీసుకొచ్చాడు. మనిషి చిక్కిపోతోందని ఆయనా గమనించాడు, బలం మందు ఇస్తారని ఆశపడ్డాడు. అమ్మను బరువు చూసే దగ్గర నిలబెట్టి తను తెర పక్కన నిలబడ్డాడు. నర్సు బరువు చూసి, తిండి తినవా అని కసిరింది. అమ్మ తల దించుకుంది. ఇంకో నిమిషంలో వాళ్ళిద్దరూ ఇంటికి వెళ్ళిపోతారు. తెర పక్కకు లాగి, పెద్ద డాక్టరుతో హిందీలో గట్టిగా చెప్పేశాను.

"మా అమ్మ చుట్ట కాలుస్తుంది. నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. లోపల పుండుంది. చూడండి."

మగవాళ్ళ వరసలోంచి నవ్వులు వచ్చాయి. నవ్వినవాళ్ళలో సగం మంది నాన్నతో షెడ్‌లో పనిచేసేవాళ్ళే. నాన్న ముఖం కందగడ్డయింది. "పిచ్చిపిల్ల సాబ్. మా ఇంట్లో ఆడవాళ్ళకు ఏ అలవాటూ లేదు" అంటూ వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. "ఇంటికి నడు, నీ పని సెప్తాను" అన్నాడు పళ్ళ బిగువున.

డాక్టరు కూడా నవ్వాడు. "నిప్పు లోపల పెట్టుకుంటే నాలుక కాలదా?" అన్నాడు.

నాన్న వేళ్ళు నా జబ్బలోకి దిగుతున్నాయి. అమ్మ ఇప్పుడు కాదంటే ఇక ఆ నోరు చూసేవాడు లేడు. కాదనే అంటుందనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే కదా చేసింది.

అమ్మ నాన్న వైపు చూడలేదు. రొంటిన దోపుకున్న చుట్ట తీసింది. వరసలో ముందున్న ఒకాయన వైపు చెయ్యి చాచి అగ్గిపెట్టె అడిగి తీసుకుంది. వెలిగించి, తిప్పి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పెదవులు మూసింది. నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి, అయినా తియ్యలేదు. ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది. హాల్లో ఇంకెవరూ నవ్వలేదు.

డాక్టరు కంగారుగా లేచి తీసెయ్యమన్నాడు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, అంగిట్లోకి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. వేలితో నొక్కితే అమ్మ మూలిగింది. మెడ కింద తడిమాడు. తర్వాత టార్చి ఆర్పి, అమ్మతో ఒక్క మాటైనా అనకుండా, నాన్నను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో వినపడలేదు. నాన్న భుజాలు జారిపోవడం మాత్రం కనిపించింది.

తిరిగొచ్చి, "ఏటీ నేదు. వేడి సేసిందట. మందిస్తారు, ఇంటికెల్దాం" అన్నాడు. నోరు విప్పొద్దని నన్ను కళ్ళతోనే బతిమాలాడు. అప్పటిదాకా ఆయన మీద కుతకుతలాడిన కోపం చప్పున చల్లారిపోయి, జాలేసింది. ఆ అబద్ధం ప్రేమకొద్దీ ఆడిందే. కానీ అబద్ధమే.

అమ్మ కుర్చీలోంచి లేవలేదు. కొంగుతో నోరు తుడుచుకుని డాక్టరును పిలిచింది. ఆవిడ హిందీ కూరగాయల బేరానికి సరిపోయేంతే. దానితో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేసింది.

"డాక్టర్ సాబ్, ఇధర్ దేఖో. నోరు నాది, పుండు నాది. ఆయనకి సెప్తే నాకు సెప్పినట్టేటి? నాకు సెప్పండి." నావైపు తిరిగి, "ఆయనకి అర్తమయేటట్టు సెప్పవే" అంది.

చెప్పాను. డాక్టరు తెల్లబోయి, కుర్చీ లాక్కుని అమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ఆవిడ ముఖంలోకి చూస్తూ చెప్పాడు. ముక్క కోసి పరీక్షకు పంపాలి, కానీ అది క్యాన్సరేననడంలో తనకు పెద్దగా సందేహం లేదన్నాడు. ఆ జబ్బుకు ఆయన వాడిన ఇంగ్లీషు మాట అమ్మకు తెలీదు. ఆవిడకు తెలిసిన మాట నాకు తెలుసు. అది నోటికి రావడం లేదు. నాన్న కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తున్నాడు.

"రాచపుండేనా?" అని అమ్మే అడిగింది.

"అవునమ్మా" అన్నాను. ఇక నావల్ల కాలేదు, అందరి ముందూ ఏడ్చేశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది.

"తరవాత ఏడుద్దువుగాని. ఎప్పుడు కోస్తారో అడుగు" అంది.