మామ పెట్టెలోని సన్నాయి

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాడికి తెలియనిది ఏదీ ఉండదని మా బంధువుల గట్టి నమ్మకం. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆదోనిలో కోర్సు పూర్తి చేసి, ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుని, దాన్ని బ్యాగులో వేసుకుని ఇంటింటికీ తిరిగింది నేనే. ఎవరింట్లో టీవీ చెడినా, మిక్సీ తిరగకపోయినా నన్నే పిలిచేవాళ్ళు. నేనూ వెళ్ళి, మూత తీసి, గంభీరంగా "ఊఁ" అని మళ్ళీ మూత పెట్టేవాడిని. (సగం మిక్సీలు ఆ "ఊఁ"కే భయపడి తిరిగేవి.) అందుకే ఎమ్మిగనూరు నుంచి మామ ఫోన్ చేసి "అల్లుడా, మన పెట్టె సచ్చిపోయేట్టుండాది, బిన్నా రా" అని తొందరపెట్టగానే బస్సెక్కేశాను.

మా మామ పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించేవాడు. పెట్టె అంటే ఆయన సింథసైజర్, వయసులో నాకన్నా పెద్దది. దాని నిండా మరలు. వాటిని తిప్పి కావలసిన శబ్దాన్ని పుట్టించుకోవచ్చు. మామ ఎన్నో సాయంత్రాలు దాని ముందు కూర్చుని ఒక సన్నాయిని పుట్టించాడు. తాళి కట్టే వేళ అది మోగితే అసలు సన్నాయి వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఏ మరను ఎంత తిప్పాడో ఇప్పుడు ఆయనకే గుర్తులేదు. ఆ సన్నాయి పెట్టె కడుపులో ఉన్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ దయ మీద బతుకుతోంది. ఆ బ్యాటరీ అయిపోవస్తోంది. మార్చుదామని తీస్తే, తీసిన క్షణంలో దాచుకున్నవన్నీ చెరిగిపోతాయి. ఎల్లుండేమో ఆదోనిలో పెళ్ళి. పెళ్ళికూతురి తండ్రి ఆ సన్నాయి విని మరీ మామను మాట్లాడుకున్నాడు. "అది పోతే నన్ను యాడా పిలవర్రా. మళ్ళీ మగ్గంలో కూసోవాల్సిందే" అన్నాడు మామ. ఆయన ముఖం చూసి నాకు నిజంగానే బాధేసింది.

ఉపాయం ఉందన్నాను. (మామ ఫోన్లో చెప్పినదాన్ని బట్టి బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో దూరి అప్పుడే చదివి వచ్చాను, ఆ సంగతి చెప్పలేదు.) ఇలాంటి పాత పెట్టెలు తమలో దాచుకున్నదంతా ఒక కీచుమనే కూతగా బయటికి చెబుతాయి. ఆ కూతను కంప్యూటర్లో పట్టుకుని, బ్యాటరీ మార్చాక తిరిగి వినిపిస్తే అన్నీ గుర్తు తెచ్చుకుంటాయి. అంతా బాగానే ఉంది గానీ, నా ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ వైరు గుచ్చే చోటు చెడిపోయింది, లోపలి మైకు ఒక్కటే పనిచేస్తోంది. కాబట్టి కూతను మామ స్పీకర్లో వదిలి, ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టాలి. ఆ కాసేపూ చీమ చిటుక్కుమనకూడదు. మామ ఇల్లేమో నేతగాళ్ళ వీధి నడుమ. అటూ ఇటూ, ముందూ వెనకా మగ్గాల టకటకలే.

మామ ఇల్లిల్లూ తిరిగి "అన్నా, కాసేపు మగ్గం ఆపండప్పా, మీకు పుణ్యముంటాది" అని బతిమాలాడు. పాపం, అందరూ ఆపారు. పట్టపగలు వీధంతా గమ్మున అయిపోయింది. అక్కడే మేమిద్దరం ఒక సంగతి మరిచిపోయాం. పనిరోజున ఆ వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయంటే దానికి ఒకటే అర్థం. ఎవరో పోయారు, శవం లేచేదాకా ఎవరూ మగ్గంలో కూర్చోరు.

కూత సగంలో ఉండగా తలుపు దభీమని తెరుచుకుంది. "పోయినావా అన్నా!" అని గుండెలు బాదుకుంటూ పక్కవీధిలో ఉండే మా తాత చెల్లెలు, మా అందరికీ అవ్వ, లోపలికి వచ్చి పడింది. వెనకాలే ఆ వీధి జనం, ఒకాయన చేతిలో పూలదండ. మామ వాళ్ళ నాయన, అంటే మా తాత, కొన్నాళ్ళుగా దగ్గుతో తీసుకుంటున్నాడు. వీధిలో అందరికన్నా పెద్ద ఆయనే. అందుకే అందరి మనసూ నేరుగా ఆయన మీదికే పోయింది. తాత మాత్రం మూలన కూర్చుని వేయించిన శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"యాడికి పోతానే? ఈడనే ఉండాను గదా!"

అవ్వ ఏడుపు ఆపి ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి కోపం తెచ్చుకుంది. "మరి మగ్గాలెందుకు ఆగినాయి? పొయ్యి మింద కూర ఇడిసిపెట్టి వచ్చినాను, మాడింటాది!"

తాతకు మాత్రం పండగగా ఉంది. వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే పరీక్షగా చూసి, దండ తెచ్చినాయన దగ్గర ఆగాడు. "ఏమిరా, కంట్లో తడి లేకుండానే వచ్చినావే?"

"ఇంటికాడ బాగా ఏడ్సినా పెద్దాయనా. దావలో ఆరిపోయినాయి."

రికార్డింగు పాడైందని మామ తల పట్టుకున్నాడు. సంగతి తెలిశాక తాతే పెత్తనం తీసుకున్నాడు. "వచ్చినోళ్ళు వచ్చినట్టే కూసోండి. నేను సచ్చినానే అనుకోని గమ్మునుండండి." జనమంతా ఇంట్లో, అరుగు మీద, వీధిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను మళ్ళీ మీట నొక్కాను. కూత సాగుతోంది. ఇంకాస్తలో అయిపోతుందనగా తాతకు దగ్గు తోసుకొచ్చింది. అవ్వ కొంగు ఆయన నోట్లో కుక్కింది. తాత ముఖం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూత చివర్లో ఒక్క "ఖళ్" జారనే జారింది. కూతను ఇంకోసారి పట్టుకుందామని లేచేలోపు కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి పెట్టెలో బ్యాటరీ ప్రాణం విడిచింది. లోపల ఏమీ మిగల్లేదు. ఇక ఉన్నదల్లా ఆ దగ్గు పడిన కూతే.

కొత్త బ్యాటరీ వేసి, ల్యాప్‌టాప్‌లో ఇయర్‌ఫోన్ గుచ్చే చోటు నుంచి పెట్టెకు వైరు కలిపి, కూతను వినిపించాను. మామ కళ్ళు మూసుకుని ఒక మెట్టు నొక్కాడు. సన్నాయి పలికింది! అదే సన్నాయి, కాకపోతే చివర చిన్న బొంగురు.

"సన్నాయికి జలుబు సేసినట్టుండాదే" అంది అవ్వ.

"జలుబేందే, అది నా దగ్గు!" అన్నాడు తాత, ఆస్తి దక్కినవాడిలాగా. ఇల్లంతా నవ్వులే. దండ తెచ్చినాయన దాన్ని తిరిగి తీసుకుపోవడం బాగుండదని పెట్టెకే వేశాడు. మామ నన్ను కావలించుకుని ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు. పెళ్ళిలో పెళ్ళికూతురి తండ్రి "ముందరికన్నా ఇప్పుడే బాగుండాది, మనిషి ఊదినట్టే ఉండాది" అన్నాడట. ఆ తర్వాత మామ ఒప్పుకున్న ప్రతి పెళ్ళికీ తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఇప్పుడు నా ఫోన్లోనే లెక్కలేనన్ని సన్నాయిలున్నాయి. సెలవు రోజుల్లో తెర మీది మరలు తిప్పి ఆ బొంగురు కోసం వెతుకుతుంటాను. దొరకదు. దొరక్కపోతే నాకు లోలోపల సంతోషమే. అప్పుడు ఆ సాయంత్రం ఆదోని బస్సులో తిరిగి వస్తున్న కుర్రవాడు కనబడతాడు. వాడి పక్కన కూర్చుని, "ఒరే అబ్బీ, నువ్వు చేసింది మీట నొక్కడమేరా, ఊపిరి బిగబట్టింది ఆ వీధి" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేట్టు లేడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, తాను ఒక సన్నాయి ప్రాణం ఎలా కాపాడాడో కండక్టర్‌కు చెబుతున్నాడు, టికెట్ తీసుకోవడం కూడా మరిచిపోయి.