మేస్త్రి వేసిన బాణం గుర్తు

గత బుధవారం పొద్దున మా లారీ బాగుచేసే మేస్త్రి చనిపోయాడు. మా కోడలు వచ్చి చెప్పినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. "సరే" అన్నాను. చేటలో ఇంకా బియ్యం ఉన్నాయి, అవి కూడా ఏరి లేచాను. ఆయనతో మాకు పదకొండేళ్ల పరిచయం. అందులో ఒక్కరోజైనా మేమిద్దరం నెమ్మదిగా మాట్లాడుకున్నది లేదు. పోయినవాళ్లందరూ తెల్లారేసరికి దేవదూతలైపోవడం నాకు నచ్చదు. మన చర్చి సంఘం నడిపే ఈ పత్రికలోనే అలాంటి వ్యాసాలు చాలా చదివాను. మేస్త్రి నోటి దురుసు మనిషి. అది అలాగే రాస్తాను. కానీ ఆయన పోయాక నేను దాచుకోకూడని మాట ఒకటి ఉంది. అది దాచినందువల్ల నాలుగేళ్లుగా నా కొడుకు చెడ్డపేరు మోస్తున్నాడు.

బీదర్ నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటగానే ఆయన రేకుల షెడ్డు. అక్కడ ఆయన డ్రైవర్లను తిట్టేవాడు, విడిభాగాలు అమ్మేవాళ్లను తిట్టేవాడు, వాన వస్తే వానను తిట్టేవాడు. నన్ను "టీచరమ్మా" అనే మర్యాదతో మొదలుపెట్టి, ఆ మర్యాదను అక్కడే ఆపేసేవాడు. నేను ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. మా లారీకి ఏ రోజు ఏం మార్చారో, ఎందుకు మార్చారో, అప్పటికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో నా పుస్తకంలో గడులు గీసి రాసుకుంటాను. ఆ పుస్తకం కనబడితే ఆయనకు మండేది.

"ఏంది టీచరమ్మా, హాజరు పట్టీ తెచ్చినవా? నట్లన్ని ఈడనే ఉన్నయ్. పిలువు, పలుకుతయ్."

"పోయినసారి ఒకటి పలకలేదు. అందుకే తెచ్చాను."

"పలకకుంటే నీ బండి ఇంటికెట్ల వచ్చింది? నెత్తి మీద మోసుకపోయినవా?"

విప్పిన బోల్టులను ఆయన ఒక సత్తు పళ్లెంలో పెట్టేవాడు. ఇంజిన్ మీద ఏది ఎక్కడ ఉండేదో పళ్లెంలోనూ అదే వరస. దాన్ని దాటి ఎవరైనా అడుగు వేస్తే కొట్టినంత పని చేసేవాడు. "విప్పుడు అందరికొస్తది. ఏది యాడిదో యాదుంచుకునుడే పని" అనేవాడు. పిల్లలకు నేను చెప్పాల్సిన మాట అది. ఆ పళ్లెం నాకు నచ్చింది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

నాలుగేళ్ల కిందటి మాట. హైదరాబాద్‌లో మేడ మీద మేడ లేస్తోంది, ఎంత ఇటుక పోసినా చాలడం లేదు. నా కొడుకు బగ్దల్ దగ్గరి బట్టీల్లో ఇటుక నింపుకుని అక్కడొక కట్టడం దగ్గర దింపేవాడు. మంగళవారం పొద్దున ఏడింటికల్లా ఇటుక చేరకపోతే పని వేరే లారీకి ఇస్తామని వాళ్లు ముందే చెప్పారు. సోమవారం ఇటుకతో వస్తుంటే దారిలో బండి ఉడికింది. నీళ్ల పంపు కారిపోతోంది. దారి పొడుగునా నీళ్లు పోసుకుంటూ మా వాకిట్లోకి తెచ్చాడు.

మేస్త్రి చుట్టాల ఇంటికి కమలనగర్ వెళ్లాడు. ఫోన్ చేస్తే, "మూడింటికొస్త. రెండు గంటల పని. నేనొచ్చేదాంక ఎవ్వరు చెయ్యి పెట్టకుండ్రి" అన్నాడు.

అప్పటికి పదకొండు గంటలైంది. నాలుగు గంటలు చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. పంపు ఊడాలంటే ముందు దాని మీదున్న ఇంజిన్ ఫ్యాన్ ఊడాలి. ఫ్యాన్‌ను పంపు ఇరుసుకు పట్టి ఉంచేది ఒక్కటే పెద్ద నట్టు. అదొక్కటీ తీసి ఉంచితే మేస్త్రికి పని తగ్గుతుంది అన్నాను.

"వద్దమ్మా, మేస్త్రి రానీ. బండి బండికి నట్టు మర వేరే ఉంటదట" అన్నాడు నా కొడుకు.

"మర అన్నది ఎక్కడైనా ఒకటే. గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది, ఎదురు వైపు వదులవుతుంది. నీకు చెప్పింది నేనే కదా. పట్టు."

వాడు పానా పట్టాడు. కదలలేదు. పానాకు పొడుగు చాలడం లేదని, ఇంట్లో పడి ఉన్న ఇనుప పైపు తెచ్చి తొడిగించాను. చెయ్యి జారకుండా దానికి నా పాత చీర అంచు చింపి చుట్టాను. ఇద్దరం కలిసి గుంజాం. నట్టు వెంట్రుకవాసి కదిలింది. "చూశావా, వదులవుతోంది" అన్నాను. మళ్లీ గుంజాం. ఈసారి పానా జారి నట్టు మూలలు అరిగిపోయాయి. వాడి చెయ్యి పోయి రేడియేటర్ రేకులకు తగిలి, వేళ్ల కణుపులు చీరుకుపోయాయి.

మేస్త్రి మూడింటికే వచ్చాడు. బానెట్ ఎత్తి, నట్టు మీద బొటనవేలు పెట్టి చూశాడు. కొత్తగా గీసుకుపోయిన ఇనుము తళతళలాడుతోంది.

"ఎవరు తిప్పిండ్రు దీన్ని?"

నా కొడుకు చీరుకుపోయిన వేళ్లు తుడుచుకుంటున్నాడు. పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడి, నేనే అన్నాను: "వాడే. ఆగలేక తిప్పాడు."

మా కోడలు వాకిట్లోనే ఉంది. అవతల గోడ మీంచి ఇద్దరు చూస్తున్నారు. మేస్త్రి వాడిని అందరి ముందూ కడిగిపారేశాడు. "మీసాలొచ్చినయ్ గని అక్కల్ రాలే నీకు. ఈ ఫ్యాను ఎటు తిరుగుతదో ఎన్నడన్న చూసినవా? తిరిగి తిరిగి ఊడిపోకుండ దీనికి ఎదురు మర పెడ్తరు. నువ్వు విప్పలే, బిగించినవ్."

ఆ మాట వినగానే నాకు లెక్క తెలిసింది. ఇరుసు ఎటు తిరుగుతుంది, నట్టు ఎటు వెనకబడుతుంది, ఏ మర అయితే బిగుసుకుంటుంది. పదో తరగతి పిల్లవాడు నల్లబల్ల మీద వేసి చూపగల బొమ్మ. నేను వెయ్యలేదు.

తిడుతూ తిడుతూ మేస్త్రి కింద పడి ఉన్న పైపు తీశాడు. దానికి చుట్టిన గుడ్డను చూసి ఆగాడు. నెమ్మదిగా విప్పాడు, నాలుగు మడతలు పెట్టాడు, తెచ్చి నా చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగ పెట్టుకో టీచరమ్మా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నా కొడుకును ఒక్కమాట కూడా అనలేదు.

ఫ్యాన్ తగిలి రేడియేటర్‌కు చిల్లి పడకుండా మధ్యలో అట్టముక్క దోపాడు. బెల్టు ఉండనిచ్చాడు. "ఇది తీస్తె పుల్లీని పట్టుకునేటోడు ఎవడు?" అన్నాడు. నట్టు మీద డీజిల్ పోసి నానబెట్టాడు. అరిగిన మూలలను ఆకురాయితో రాసి, పానాకు పట్టు దొరికేలా చెక్కాడు. దానికే రెండు గంటలు పట్టింది. నేను పక్కనే నిలబడ్డాను.

"లోపలికి పో టీచరమ్మా. నువ్వు నిలబడితె నట్టుకు గుడ భయమైతది."

నేను కదల్లేదు. ఆయన పానా తగిలించి, గడియారం ముల్లు తిరిగే వైపుకే, దాని పిడి మీద సుత్తెతో టక్కున ఒక్క దెబ్బ వేశాడు. "గుంజితె పుల్లీ జారుతది. కొడితె దానికి తెలిసేలోపట నట్టు వదుల్తది." పదిహేనో, పదహారో దెబ్బకు వదిలింది. అప్పటికి దీపాలు పెట్టే వేళ. కొత్త పంపు బిగించి, కారకుండా అతుకుకు పూసిన మైనం ఆరాక, నీళ్లు పోసి చూసేసరికి తెల్లారింది. ఇటుక మధ్యాహ్నానికి చేరింది. అక్కడ వేరే లారీ దింపుతోంది.

పని పోయింది. నా కొడుకు ఎనిమిది నెలలు వేరేవాళ్ల బండ్లు నడిపాడు. మా కోడలి అన్నలు పండక్కి వచ్చినప్పుడు, "బావకు పానా పట్టరాదు గని లారీ గావాలె" అని నవ్వారు. ఆరాధన అయ్యాక మందిరం మెట్ల మీద ఆ మాట అన్నవాళ్లు మీలోనూ ఉన్నారు. ఒకరోజు మా మనవరాలు, "నాయనమ్మా, డాడీకి నిజంగనే పానా పట్టరాదా?" అని అడిగింది. "నోరు మూసుకుని చదువుకో" అన్నాను. వాడు వింటూనే ఉన్నాడు.

మేస్త్రికి ఎంత తెలుసో తేల్చుకుందామని వారం తర్వాత షెడ్డుకు వెళ్లాను. "నట్టు పట్టేయడానికి కారణం ఏమని రాయను?" అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. "పుస్తకం నీది, రాసుడు నీది. ఇనుము మీదికి మాత్రం తొయ్యకు."

ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. నా పుస్తకంలో ఖాళీ గడి అదొక్కటే. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వాదించి గెలిచేదాన్ని. చెప్పకుండా ఉండి, కనబడ్డప్పుడల్లా "కొడుకు మంచిగున్నడా టీచరమ్మా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు నేను ఆయనను అసహ్యించుకున్నాను. నాలుగేళ్లు అదే అడిగాడు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

కనుక ఇక్కడ రాస్తున్నాను. నా కొడుకు ఆగుదామన్నాడు. మర అంతటా ఒకటే అన్నది నేను. పైపు తెచ్చింది నేను. అబద్ధం చెప్పింది నేను. పుస్తకంలో ఆ గడి నిన్న నింపాను.

ఆయనను మట్టి చేసే రోజు వెళ్లాను. పాడె షెడ్డు నుంచే లేచింది. షెడ్డులో ఏదో బండి ఇంజిన్ సగం విప్పి ఉంది. సత్తు పళ్లెం నేల మీదే ఉంది, బోల్టులు వరసలో ఉన్నాయి. పాడె ఎత్తినవాళ్లు దాని చుట్టూ తిరిగి నడిచారు.

ఆ పంపు మార్చిన రోజు వెళ్లేముందు ఆయన ఫ్యాన్ పక్క రేకు మీద, నట్టు ఎటు తిప్పితే వదులవుతుందో తెల్ల రంగుతో బాణం గుర్తు వేశాడు. "మీవోడు మర్వకుంట" అన్నాడు నా వైపు చూస్తూ. ఏటా ఆయిల్ మార్చినప్పుడు, అడక్కపోయినా, దాని మీద మళ్లీ రంగు దిద్దేవాడు. ఈ వానాకాలం దిద్దేటప్పుడు కుంచె రెండుసార్లు పక్కకు జారింది.

"వంకరైంది" అన్నాను.

"దిక్కు సక్కగనే ఉంది గద" అన్నాడు. అదే ఆఖరి మాట.

మట్టి నుంచి వచ్చాక నా కొడుకుతో బానెట్ ఎత్తించాను. వంకర బాణం కుడివైపు, గడియారం ముల్లు తిరిగే వైపే, చూపిస్తోంది. నట్టు మీద చెయ్యి పెట్టాను. నా చెయ్యి ఎడమవైపే తిరిగింది.